కేబుల్ పెట్టాం గానీ ఫోన్ కనబడడం లేదు

(ఒడిశా సరిహద్దు పట్టణం పర్లాకిమిడిలో తెలుగువారి ఆదివారం సమావేశంలో ఒక డీటీపీ షాపు యజమాని చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసల వాళ్ళకి వినబడుతోందా? ఫ్యాన్ కింద కూర్చున్నవాళ్ళు కొంచెం ముందుకు జరిగితే మంచిది, ఆ చప్పుడులో నా గొంతు కలిసిపోతుంది.

మా షాపుకి వచ్చేవాళ్ళ నోట రోజూ వినే మాట ఒకటుంది. "బాబూ, కేబుల్ పెట్టాం, ఛార్జింగ్ ఎక్కుతోంది గానీ కంప్యూటర్లో ఫోన్ కనబడడం లేదు." ఇవాళ నేను మాట్లాడేది దాని గురించే. ఫోన్లోని ఫొటోలు, వీడియోలు, కాగితాలు కేబుల్‌తో కంప్యూటర్లోకి తెచ్చుకోవడం, కంప్యూటర్లోవి ఫోన్‌కి పంపుకోవడం. అందరూ ముందు కంప్యూటర్‌ని అనుమానిస్తారు. దాన్ని ఆపి మళ్ళీ ఆన్ చేస్తారు, డ్రైవర్లనే చిన్న ప్రోగ్రాంలు వెతుకుతారు, చివరికి మా షాపు కుర్రాడికి ఫోన్ చేస్తారు. నన్నడిగితే కంప్యూటర్ వంతు చివర్న రావాలి. ముందు కేబుల్‌ని చూడండి, తర్వాత ఫోన్ స్క్రీన్ చూడండి. నూటికి తొంభై సార్లు చిక్కు ఆ రెండు చోట్లే తేలిపోతుంది. తొంభై అన్నది లెక్కపెట్టి చెప్పింది కాదు, షాపులో కూర్చున్నవాడి అందాజు.

అసలు వాట్సాప్ ఉండగా కేబుల్ ఎందుకని కుర్రాళ్ళు అడుగుతారు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో చిక్కిపోయి చేరుతుంది. ఫోన్లో చూస్తే తేడా తెలియదు. ఫ్లెక్సీకి పెద్దది చేసినప్పుడు పెళ్ళికొడుకు మొహం గళ్ళుగళ్ళుగా వస్తుంది, అప్పుడు మా మీద కోప్పడతారు. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది, నిజమే. కానీ పది జీబీల పెళ్ళి వీడియోలు అలా పంపాలంటే రోజుకి జీబీన్నర డేటా ప్యాకు ఉన్నవాడికి వారం పడుతుంది. పైగా మోహన, ఆర్.ఉదయగిరి వైపు కొండల్లోకి వెళ్తే సిగ్నల్ సంగతి మీకు నేను చెప్పాలా? మామూలు కేబుల్‌తో ఆ పది జీబీలు ఐదు నిమిషాల పని, రూపాయి ఖర్చు లేదు.

ఇంకో కారణం మన సరిహద్దు ఊళ్ళకి ప్రత్యేకమైనది. ఇక్కడ ఒక్కొక్క కుటుంబం కాగితాలు ఒడిశా, ఆంధ్ర రెండు రాష్ట్రాల్లోనూ ఉంటాయి. భూమి ఇటు ఉంటే భూలేఖ్ అనే భూమి రికార్డు కాగితం ఒడియాలో ఉంటుంది. అమ్మాయి పాతపట్నంలోనో టెక్కలిలోనో చదివితే ఆ సర్టిఫికెట్లు తెలుగులో, ఇంగ్లీషులో ఉంటాయి. అన్నీ ఫొటోలు తీసి ఒకే ఫోన్లో పెట్టుకుంటున్నాం. ఆ ఫోన్ కాస్తా నౌపడ-గుణుపురం రైల్లో జారిపోతే? కొందరి ఫోన్లలో వాళ్ళ అమ్మమ్మ పాడిన పాటలున్నాయి, కొండ మీది సవర తెగ పెద్దలు చెప్పిన కథల రికార్డింగులున్నాయి. ఈ ఊళ్ళోనే ఉండి గిడుగు రామ్మూర్తి పంతులుగారు సవర మాటలు సేకరించి నిఘంటువు చేశారు. ఆయన కాగితం మీద పెట్టారు కాబట్టి అవి మన దాకా వచ్చాయి. మన రికార్డింగులు ఇంకా ఒక్క ఫోన్లోనే ఉన్నాయి.

సరే, కేబుల్ దగ్గరికి వద్దాం. మీకు చూపించడానికే రెండు పాత కేబుళ్ళు కోసి తెచ్చాను. ముందు వరస వాళ్ళు చేతిలోకి తీసుకుని చూసి వెనక్కి పంపండి. తెల్ల తొడుగుది ముందు చూడండి. తొడుగు కింద వెండిలా మెరిసే పల్చటి రేకుంది, దాని లోపల నాలుగు తీగలున్నాయి. ఎరుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ. ఎరుపులో ఐదు వోల్టుల కరెంటు వస్తుంది, నలుపు దాని తిరుగు దారి. తెలుపూ ఆకుపచ్చా డేటాకి. మీ ఫొటోలన్నీ నడిచేది ఆ రెండు తీగల మీదే. ఇప్పుడు నల్ల తొడుగుది చూడండి. ఇది ఛార్జింగ్ టార్చిలైటుతో పాటు వచ్చింది. లోపల ఎరుపు, నలుపు, అంతే. రేకు కూడా లేదు. దీన్ని పెట్టి మీరు సాయంత్రం దాకా కూర్చున్నా ఫోన్ ఛార్జ్ అవుతుందే తప్ప కంప్యూటర్‌కి అక్కడ ఫోన్ ఉన్న సంగతే తెలియదు. పైకి రెండూ ఒక్కలాగే ఉన్నాయి కదా? రెంటి చివర్లూ ఫోన్‌కీ కంప్యూటర్‌కీ సరిపోతాయి.

చౌక కేబుళ్ళలో తీగల రంగులు మారవచ్చు. రంగు కాదు, ఎన్ని తీగలున్నాయన్నదే లెక్క. ప్రతి కేబుల్‌నీ కోసి చూడలేం కాబట్టి ఇలా చేయండి. ఫోన్‌తో పాటు డబ్బాలో వచ్చిన కేబుల్‌ని విడిగా దాచి, దానికి చిన్న దారం కట్టి ఉంచండి. టార్చి, ట్రిమ్మర్, మెడ ఫ్యాన్‌లతో వచ్చిన కేబుళ్ళని దానితో కలపకండి. కొత్తది కొనేటప్పుడు "ఛార్జింగ్ కేబుల్ ఇవ్వండి" అనకుండా "డేటా కేబుల్ ఇవ్వండి" అని అడగండి.

టైప్-సీ కేబుల్ కొంటే అన్నీ వేగంగా వెళ్తాయని ఒక నమ్మకం ఉంది. ఆ మూతి ఆకారం 2014లో వచ్చింది, ఎటు తిప్పి పెట్టినా పడుతుంది, లోపల 24 పిన్నులుంటాయి. అది ఆకారం మాత్రమే. వేగం లోపలి తీగల్ని బట్టి, ఫోన్‌ని బట్టి ఉంటుంది. మామూలు ధర ఫోన్లతో వచ్చే టైప్-సీ కేబుళ్ళు ఎక్కువగా యూఎస్‌బీ 2.0 రకానివే. ఆ 2.0 ఎప్పటిదనుకున్నారు? 2000 సంవత్సరానిది. సెకనుకి 480 మెగాబిట్లు దాని హద్దు. ఎనిమిది బిట్లకి ఒక బైటు లెక్కన 60 మెగాబైట్లు, నిజంగా చేతికొచ్చేది ముప్పై, నలభై. ఇంట్లో పనికి అది చాలండి. ఖరీదైన కేబుల్ కొని, దాన్ని 2.0 ఫోన్‌కి పెట్టి, వేగం పెరగలేదని బాధపడకండి.

కేబుల్ మంచిదే, అయినా వస్తూ పోతూ ఉందంటే ఫోన్ మూతిలో చూడండి. జేబులో దూది, దుమ్ము లోపల గట్టిగా దిమ్మకట్టి ఉంటుంది. ఫోన్ ఆఫ్ చేసి సన్నని చెక్క పుల్లతో మెల్లగా తీయండి. సూది, పిన్నీసు పెట్టవద్దు. డెస్క్‌టాప్ అయితే ముందున్న సాకెట్‌లో కాకుండా వెనక సాకెట్‌లో పెట్టి చూడండి. ముందువి లోపల ఇంకో తీగ ద్వారా వస్తాయి, పాత క్యాబినెట్లలో అది వదులైపోతుంది.

ఇప్పుడు ఫోన్ స్క్రీన్. అసలు మాట ఇక్కడుంది, కొంచెం నిదానంగా చెబుతాను.

2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి, కేబుల్ పెట్టగానే ఫోన్ ఛార్జింగ్ మాత్రమే తీసుకుంటుంది. ఫైళ్ళు చూపించమని మీరు చెప్పాలి. అది లోపం కాదు, మీ మంచికే పెట్టారు. కాబట్టి కేబుల్ పెట్టాక ముందు ఫోన్ లాక్ తీయండి. స్క్రీన్ పైనుంచి కిందికి లాగండి. యూఎస్‌బీ ద్వారా ఛార్జ్ అవుతోందని రాసిన ఒక వరస కనబడుతుంది. దాన్ని నొక్కండి, అవసరమైతే రెండుసార్లు. అప్పుడు వచ్చే జాబితాలో "ఫైల్ ట్రాన్స్‌ఫర్" ఎంచుకోండి. తెలుగు పెట్టుకున్న ఫోన్లో "ఫైల్ బదిలీ" అని ఉండవచ్చు. మన పిల్లలు కొందరు ఫోన్ ఒడియాలో పెట్టుకుంటారు, వాళ్ళ ఫోన్లోనూ ఇదే జాగాలో ఉంటుంది. కొన్ని ఫోన్లు జాబితా ఇవ్వకుండా, ఫోన్లోని డేటా చూడనివ్వమంటారా అని చిన్న పెట్టెలో అడుగుతాయి. అక్కడ "అలౌ" నొక్కండి.

లాక్ తీయకపోతే ఏమవుతుందంటే, కంప్యూటర్లో ఫోన్ పేరు వస్తుంది, తెరిస్తే లోపల ఏమీ ఉండదు. ఆ ఖాళీ చూసి ఫొటోలన్నీ పోయాయని కళ్ళనీళ్ళు పెట్టుకున్న తల్లులున్నారు. ఏమీ పోలేదమ్మా. తాళం తీయమని ఫోన్ మిమ్మల్ని అడుగుతోంది, అంతే.

ఇది ఇలా ఎందుకయిందో ఒక్క మాట. పాత ఆండ్రాయిడ్ ఫోన్లు కేబుల్ పెడితే పెన్‌డ్రైవ్ లాగా కనబడేవి. కొట్టు తాళంచెవి మొత్తం కంప్యూటర్ చేతికి ఇచ్చేసినట్టు. కంప్యూటర్ లోపలున్నంతసేపూ ఫోన్ తన మెమరీ కార్డుని తాను ముట్టుకోలేదు. పాటలు ఆగిపోయేవి, కెమెరా తెరుచుకునేది కాదు. మధ్యలో కేబుల్ లాగేస్తే కార్డు పాడయ్యేది. 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 3 నుంచి పద్ధతి మారింది. ఇప్పుడు కొట్టు ముందు గుమస్తా కూర్చున్నాడు. కంప్యూటర్ ఫలానా ఫొటో కావాలని అడుగుతుంది, ఫోన్ లోపలికి వెళ్ళి తెచ్చి ఇస్తుంది. తాళంచెవి ఫోన్ దగ్గరే ఉంటుంది. దీన్ని ఎంటీపీ అంటారు. మైక్రోసాఫ్ట్ వాళ్ళు పాటల ప్లేయర్ల కోసం చేసిన పద్ధతి ఇది.

మీ చిరాకులు చాలావాటికి జవాబు ఈ గుమస్తాలోనే ఉంది. ఫోన్‌కి డీ, ఈ లాంటి డ్రైవ్ అక్షరం ఎందుకు రాదు? అది డ్రైవ్ కాదు కాబట్టి. ఒక జీబీ వీడియో గబగబా వచ్చేసి, అదే ఒక జీబీ గుడ్ మార్నింగ్ ఫొటోలు అరగంట ఎందుకు ఈడుస్తాయి? ప్రతి ఫొటోకీ గుమస్తా ఒకసారి లోపలికి వెళ్ళి రావాలి కాబట్టి. ఫోన్లోని వర్డ్ ఫైల్‌ని అక్కడే తెరిచి దిద్దితే మార్పులు ఎందుకు నిలవవు? మీరు దిద్దింది కంప్యూటర్ తెచ్చుకున్న తాత్కాలిక కాపీని కాబట్టి. ముందు డెస్క్‌టాప్ మీదికి తెచ్చుకుని, దిద్ది, తిరిగి పంపండి. ఒక కాపీ జరుగుతుండగా ఇంకోటి మొదలు పెట్టకండి, రెండూ నత్తనడక నడుస్తాయి.

ఫైళ్ళు ఎక్కడుంటాయి? ఫోన్ పేరు తెరిచాక లోపల ఇంటర్నల్ స్టోరేజ్ అని ఉంటుంది. మెమరీ కార్డు వేసి ఉంటే అది పక్కనే వేరుగా కనబడుతుంది. కెమెరాతో తీసినవి డీసీఐఎం అనే ఫోల్డర్‌లో, దాని లోపల కెమెరా అనే ఫోల్డర్‌లో ఉంటాయి. బ్యాంకు నుంచీ ప్రభుత్వ సైట్ల నుంచీ దించుకున్నవి డౌన్‌లోడ్‌లో ఉంటాయి. వాట్సాప్‌వి వెతకడమే పెద్ద పని. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 నుంచి అవి లోతుకి వెళ్ళిపోయాయి. ఆండ్రాయిడ్ అన్న ఫోల్డర్, అందులో మీడియా, అందులో కామ్ డాట్ వాట్సాప్, అందులో వాట్సాప్, అందులో మళ్ళీ మీడియా. అక్కడ ఫొటోలు, వీడియోలు, డాక్యుమెంట్లు, వాయిస్ మెసేజ్‌లు వేర్వేరుగా ఉంటాయి. ఫొటోలు, వీడియోలు, డాక్యుమెంట్ల ఫోల్డర్ల లోపల సెంట్ అనే ఫోల్డర్లో మీరు పంపినవి ఉంటాయి. ముఖ్యమైన కాగితం "నేనే ఎవరికో పంపానే" అని గుర్తుంటే అక్కడ చూడండి.

ఇక కాపీ. ఇక్కడ నేను కొంచెం మొండివాణ్ణి. ఫోన్లో చోటు లేదని మీకు ఎంత తొందర ఉన్నా కట్ చేసి పేస్ట్ చేయకండి. కాపీ చేయండి. కట్ చేసినప్పుడు సగంలో కేబుల్ కదిలితే ఏది ఇటు వచ్చింది, ఏది అటు ఉంది అన్నది తేల్చుకోవడానికి ఒక పూట పడుతుంది, కొన్ని రెండు చోట్లా లేకుండా పోవచ్చు కూడా. కాపీ అయ్యాక ఫోన్లోని ఫోల్డర్ మీద కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్ చూడండి, కంప్యూటర్లోని ఫోల్డర్‌కీ చూడండి. ఎన్ని ఫైళ్ళు, ఎన్ని జీబీలు అన్నవి రెండు చోట్లా సరిపోవాలి. అటు 1,248 ఫైళ్ళుండి ఇటు 1,246 వస్తే ఆ రెండూ ఏవో తేలేవరకూ దేన్నీ చెరపకండి. తేలాక నాలుగైదు వీడియోలు తెరిచి, మధ్యలోకి జరిపి చూడండి. అప్పుడు ఫోన్లోవి తీసేయండి.

అక్కడో చిన్న మోసం ఉంది. కాపీ అయ్యాక ఫైలు తేదీ కొన్నిసార్లు ఇవాళ్టిదిగా పడుతుంది. సంక్రాంతి ఫొటోలూ రథయాత్ర ఫొటోలూ ఒకే రోజువిగా కనబడతాయి. కంగారు పడకండి. చాలా ఫోన్లు ఫైలు పేరులోనే సంవత్సరం, నెల, తేదీ వరసగా రాస్తాయి. తేదీ ప్రకారం కాకుండా పేరు ప్రకారం పేర్చండి, అన్నీ వరసలోకి వస్తాయి.

కంప్యూటర్ నుంచి ఫోన్‌కి పంపడం కూడా ఇదే దారి, దిశ మాత్రం వేరు. అందులో ఎక్కువ గొడవ తెలుగు ఫైళ్ళతో వస్తుంది. పెళ్ళి కార్డు మ్యాటరో, సంఘం ఆహ్వానమో మా షాపుల్లో చాలావరకు "అను" అనే పాత రకం తెలుగు ఫాంట్లలో కొడతాం. ఆ ఫైల్‌ని మీ ఫోన్లోకి కాపీ చేసి తెరిస్తే తెలుగు ఉండదు, ఇంగ్లీషు అక్షరాలూ ముళ్ళలాంటి గుర్తులూ కలగాపులగంగా కనబడతాయి. కేబుల్ పాడు చేసిందనుకుంటారు. కేబుల్ ఏమీ చేయలేదు. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల జాగాలో తెలుగు బొమ్మలు పెట్టి నడిపే పాత పద్ధతి, ఆ ఫాంటు మీ ఫోన్లో లేదు. కాబట్టి షాపువాణ్ణి పీడీఎఫ్ చేసి ఇవ్వమని అడగండి. పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే కుట్టి ఉంటుంది, ఎక్కడైనా సరిగ్గా కనబడుతుంది. ఒడియా పాత ఫాంట్లకీ ఇదే గతి, ఇదే మందు. యూనికోడ్‌లో, అంటే ఇప్పటి ఫోన్లు నేరుగా చదివే పద్ధతిలో, కొట్టిన తెలుగుకి ఈ బాధ లేదు.

పెద్ద వీడియో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కడం లేదని, చోటున్నా లేదంటోందని కొందరు వస్తారు. ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉండి ఉంటుంది, అందులో ఒక్క ఫైలు నాలుగు జీబీలు దాటకూడదు. కేబుల్‌తో ఫోన్ లోపలి మెమరీలోకి పంపితే సాధారణంగా ఆ అడ్డు రాదు.

ఐఫోన్ వాళ్ళు ఎంతమంది? ఇద్దరు. సరే, క్లుప్తంగా. కేబుల్ పెట్టాక లాక్ తీస్తే, ఈ కంప్యూటర్‌ని నమ్ముతారా అని అడుగుతుంది, "ట్రస్ట్" నొక్కండి. విండోస్‌లో ఫొటోలు, వీడియోలు మాత్రమే నేరుగా కనబడతాయి, మిగతావాటికి ఆపిల్ వాళ్ళ ప్రోగ్రాం వేసుకోవాలి. కాపీ మధ్యలో ఎర్రర్ వచ్చి ఆగిపోతుంటే సెట్టింగ్స్‌లో (కొత్త ఐఓఎస్‌లో అయితే అందులోని యాప్స్‌లో) ఫొటోస్‌లోకి వెళ్ళి, చివర్న ఉండే ట్రాన్స్‌ఫర్ దగ్గర "కీప్ ఒరిజినల్స్" పెట్టండి. 2023లో వచ్చిన ఐఫోన్ 15 నుంచి దానిదీ టైప్-సీ మూతే.

ఏమంటున్నారు మాస్టారూ? కొంచెం గట్టిగా... షాపుల్లో మా ఫోన్ మీ కంప్యూటర్‌కి పెట్టడం క్షేమమేనా అని. మంచి ప్రశ్న, నా కడుపు మీద కొట్టే ప్రశ్న కూడా. (నవ్వులు) పూర్తిగా క్షేమం అని నేను చెప్పను. "ఫైల్ ట్రాన్స్‌ఫర్" ఇచ్చారంటే ఫోన్లోని ఫొటోలన్నీ మాకు కనబడతాయి. ఫొటోల ప్రింటుకే వచ్చారనుకోండి, అదే జాబితాలో "పీటీపీ" అని ఇంకోటి ఉంటుంది, అది పెడితే ఫొటోల ఫోల్డర్లే కనబడతాయి. ఇంకా మంచిది, కావలసిన రెండు ఫొటోలనే మీరు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని రావడం. "యూఎస్‌బీ డీబగ్గింగ్ అనుమతిస్తారా" అని ఫోన్ ఎప్పుడైనా అడిగితే వద్దని నొక్కండి, అది యాప్‌లు తయారు చేసేవాళ్ళ కోసం పెట్టింది, ఫొటోల కాపీకి దానితో పని లేదు.

అన్నిటికన్నా ముఖ్యం, పని అయ్యాక. ఊళ్ళో ఏ ఆన్‌లైన్ సెంటర్‌కైనా వెళ్ళి డెస్క్‌టాప్ చూడండి, సగం ఊరి ఆధార్ కార్డులు అక్కడే పరిచి ఉంటాయి. అది మా వృత్తివాళ్ళ బద్ధకం, దాన్ని సమర్థించుకోను. మీరు అక్కడే నిలబడి, మీ ఫైలు ఎంచుకుని షిఫ్ట్, డిలీట్ రెండూ కలిపి నొక్కించండి. రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్ళదు. మొహమాట పడకండి, డబ్బులిచ్చారు.

స్టేషన్లలో, బస్టాండుల్లో ఉండే ఛార్జింగ్ సాకెట్ల గురించి ఇంతకు ముందు ఒక అమ్మాయి చీటీ పంపింది. గోడ ప్లగ్గుకి మీ సొంత ఛార్జర్ పెడితే ఏ భయమూ లేదు. తెలియని యూఎస్‌బీ సాకెట్‌లో నేరుగా కేబుల్ పెట్టినప్పుడు ఫైళ్ళ అనుమతి అడిగితే ఇవ్వకండి. అప్పుడు ఇందాక చూపించిన రెండు తీగల నల్ల కేబుల్ ఉంది చూశారూ, అది పనికొస్తుంది. దానిలో డేటా నడిచే దారే లేదు.

చివరి ప్రశ్న తీసుకుంటాను. చెప్పమ్మా. "ఏటి బాబూ, మా ఫోన్ కిందపడి అద్దం పోయింది, కేబుల్ పెడితే ఫొటోలొస్తాయా?" బొమ్మ కనబడుతోందా అమ్మా, వేలు పెడితేనే పని చేయడం లేదా? అయితే దారి ఉంది. ఓటీజీ అని చిన్న ముక్క అమ్ముతారు, ఖరీదు కూడా పెద్దగా ఉండదు. దానితో ఫోన్‌కి మామూలు కంప్యూటర్ మౌస్ తగిలించండి, స్క్రీన్ మీద బాణం గుర్తు వస్తుంది. దానితో లాక్ తీసి, పై జాబితా కిందికి లాగి, సెట్టింగ్స్‌లో డెవలపర్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి, కేబుల్ పెట్టగానే ఫైల్ ట్రాన్స్‌ఫరే వచ్చేలా మార్చుకోవచ్చు. మౌస్, కేబుల్ ఒకే మూతిలో ఒకేసారి పట్టవు కాబట్టి ముందుగా ఇది మార్చుకోవాలి. స్క్రీన్ లాక్ కూడా మౌస్‌తోనే తీసేసి ఉంచండి. తర్వాత మౌస్ తీసి కేబుల్ పెట్టండి. డెవలపర్ ఆప్షన్స్ దాగి ఉంటుంది, అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే బయటికి వస్తుంది. మొత్తం నల్లగా అయిపోయి ఏమీ కనబడకపోతే కేబుల్ ఒక్కటీ చాలదు, ముందు స్క్రీన్ వేయించుకోవాలి. రిపేరువాడు ఫార్మాట్ చేస్తానంటే, అంటే ఫోన్లోవన్నీ చెరిపేస్తానంటే మాత్రం వద్దని గట్టిగా చెప్పండి. ఫోన్ తెచ్చావా అమ్మా? నా దగ్గర ఓటీజీ, మౌస్ ఉన్నాయి. ఇలా టేబుల్ దగ్గరికి రా, చూద్దాం.